వెనక పీట మనిషి

మెల్చోర్ కుడిచేయి మొద్దుబారడం మొదలై ఆరు నెలలైంది. మొదట చిటికెనవేలు, తర్వాత దాని పక్క వేలు. ఈస్టరు ముందటి ఉపవాసాల్లో మొదలైంది, వానలు పడేనాటికి మోచేతి దాకా పాకింది. పొద్దున్నే కాఫీ కప్పు అందుకుంటే అది వేడిగా ఉందో చల్లగా ఉందో ఎడమ చేత్తో ముట్టుకుని తెలుసుకోవలసి వచ్చేది. భార్య అదెల్ఫా చూస్తుందేమోనని కప్పును రెండు చేతులతో పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఆమె అది చూసి, "ముసలాడివైపోతున్నావు, చలి పుడుతోంది నీకు" అని నవ్వింది.

ఎవరికీ చెప్పకుండా పక్క పట్నం శాంతాక్రూజ్ వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాడు. మెడలో నరం నొక్కుకుపోయిందనీ, బరువులు ఎత్తడం మానేయాలనీ, ఆపరేషన్ చేసినా పట్టు తిరిగి వస్తుందని గట్టిగా చెప్పలేననీ ఆయన అన్నాడు. "ఏం పని చేస్తావు?" అని అడిగితే మెల్చోర్ "కొబ్బరితోట కాపలా" అని చెప్పి బయటపడ్డాడు. ఆ తర్వాత నూనె రాసి నరాలు సర్దే ముసలామె దగ్గరకు నాలుగు వారాలు తిరిగాడు. ఆమె పాపం గట్టిగానే రుద్దింది. చేతి మీద చర్మం ఎర్రబడింది కాని వేళ్లకు ప్రాణం రాలేదు.

పగ్సన్హాన్‌లో పడవవాడికి చేయి లేకపోతే ఇంకేమీ లేనట్టే. ఆ ఊరి నది కొండ చీలికలోంచి వస్తుంది. రెండు పక్కలా కొబ్బరిచెట్టుకు నాలుగింతల ఎత్తున నిలువు గోడలు, వాటి మీంచి వేలాడే తీగలు, చివర పెద్ద జలపాతం. లోకంలో ఉన్న జనమంతా అది చూడడానికే వస్తారు. వచ్చినవాళ్లు ఇద్దరేసి చొప్పున సన్నటి పడవలో చాపమీద కూర్చున్నట్టు కింద కూర్చుంటారు. ముందు పీట మీద ఒక మనిషి, వెనక పీట మీద ఒక మనిషి. నీళ్లు పైనుంచి కిందికి వస్తాయి, పడవ కిందనుంచి పైకి పోవాలి. రాళ్ల మధ్య నీళ్లు విరుచుకుపడే చోట్లు పద్నాలుగు ఉన్నాయి. వడులంటారు వాటిని. ప్రతి వడి దగ్గరా ముందువాడు దూకి, రాళ్లను కాళ్లతో తన్ని పడవను లాగుతాడు. వెనకవాడు మనుషులతో సహా పడవను ఎత్తి తోస్తాడు. తిరుగు ప్రయాణంలో నీళ్లే మోసుకొస్తాయి కాని, అప్పుడు నలుగురి ప్రాణాలూ వెనక పీట మనిషి తెడ్డులో ఉంటాయి.

మెల్చోర్ ముప్పై రెండేళ్లుగా వెనక పీట మనిషి. అంతకుముందు వాళ్ల నాన్న, ఆయన ముందు వాళ్ల తాత. పడవవాళ్ల సంఘం జాబితాలోంచి పేరు కొట్టేయించుకున్నవాళ్లు ఏమవుతారో అతనికి తెలుసు. ఊరి బయట రోడ్డు మీద నిలబడి, పడవ బేరాల కోసం పోయే కార్ల వెంట చేతులూపుకుంటూ పరిగెత్తుతారు. నిరుడు వాళ్లలో ఒకణ్ణి, ఒకప్పుడు తనకు తెడ్డు పట్టడం నేర్పిన మనిషిని, ఒక డ్రైవరు అద్దం దించి తిట్టడం చూశాడు. ఆ ముసలాయన తిట్టు పూర్తయ్యేదాకా నవ్వుతూనే నిలబడ్డాడు.

అందుకని మెల్చోర్ నోరు మూసుకున్నాడు. పడవ ఎత్తేటప్పుడు భుజం కింద పెట్టి ఎత్తసాగాడు. తెడ్డును కుడి మణికట్టుకు గుడ్డతో చుట్టి, దాని మీద చొక్కా చేయి లాగేవాడు.

ముందు పీట మనిషి అదెల్ఫా తమ్ముడు రూఫో. మెల్చోర్ కంటే పదకొండేళ్లు చిన్న. పదహారేళ్లుగా ఇద్దరిదీ ఒకటే పడవ. నది మీద రూఫో నోరు ఆగదు.

"ఏం బావా, తెడ్డుతో నీళ్లు తోస్తున్నావా, నీళ్లకి విసనకర్ర విసురుతున్నావా?" అన్నాడు ఆగస్టులో ఒకరోజు.

"నువ్వు ముందు కూర్చుని పాటలు పాడితే వెనక నాకు నిద్రొస్తోందిరా" అన్నాడు మెల్చోర్. రూఫో పగలబడి నవ్వాడు. మెల్చోర్ చొక్కా చేయి ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

సెప్టెంబరులో నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడి పడవలు వెళ్లకుండా నది మూసేశారు. అయిదో రోజు తెరిచారు. ఆ రోజే వాళ్ల వంతు. వానాకాలంలో వంతు పది పన్నెండు రోజులకు ఒకసారి వస్తుంది. దాన్ని వదులుకుంటే పేరు మళ్లీ అడుగుకు పోతుంది. పైగా సంఘం వాళ్లు ఆ ఏడు కొత్త నియమం పెట్టారు. మధ్యలోంచి జనాన్ని వెనక్కి తెచ్చేసిన పడవవాడు డాక్టరు చీటీ తెచ్చేదాకా మళ్లీ నీళ్లలో దిగకూడదు. ఆ చీటీ ఇచ్చేది శాంతాక్రూజ్‌లో తన చేయి చూసిన ఆ డాక్టరే.

రేవులో తమకు దక్కిన ఇద్దర్నీ చూసి రూఫో బావ చెవిలో, "నీ మొక్కులు ఫలించాయి. ఏనుగు దొరికింది" అన్నాడు.

వాళ్లు బతంగాస్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు. ఆయన హెరార్దో, మాంసం కొట్టు నడిపి మానేసిన మనిషి, నిండు నీళ్ల కాగులా ఉన్నాడు. ఆవిడ సల్వాసియోన్, ఆయనలో సగం ఉంటుంది. ఆయన పడవలో కాలు పెట్టగానే పడవ అంచు నీళ్లకు నాలుగు వేళ్ల ఎత్తుకు దిగింది.

"నేను చెప్పానా లేదా? రెండు పడవలు మాట్లాడుకోమన్నానా?" అంది సల్వాసియోన్. "బాబూ, ఈయన్ని మోసుకెళ్లగలరా, ఇక్కడే అరటిచెట్టుకి కట్టేసి నేనొక్కదాన్నే వెళ్లి చూసి రానా?"

"మా బావ కారబావు దున్నని ఎత్తిన మనిషమ్మా" అన్నాడు రూఫో.

"దున్నకి ఈత వచ్చు. ఈయనకి రాదు" అందావిడ.

హెరార్దో నవ్వలేదు. నీళ్లలో తేల్చే నారింజరంగు రక్షణ చొక్కా పట్టీలు రెండోసారి సరిచూసుకున్నాడు. ఆయన భయపడుతున్నాడని మెల్చోర్‌కు తెలిసింది. భయం లేనట్టు నవ్వి, గుడ్డ చుట్టిన చేయి వెనక్కి పెట్టుకుని పడవ తోశాడు.

మొదటి అయిదు వడులు ఎలాగో గడిచాయి. నీళ్లు మామూలు కంటే జానెడు ఎక్కువున్నాయి, అంతే. ఆరోదాని దగ్గర రాళ్ల మీద అడ్డంగా పరిచిన ఇనప గొట్టాల మీదికి పడవను ఎక్కించాలి. రూఫో ముందు నుంచి లాగాడు. మెల్చోర్ వంగి అడుగున చేతులు పెట్టాడు. ఎడమ చేయి ఎత్తింది. కుడిచేయి ఎత్తలేదు. భుజం పెట్టబోయేలోగా పడవ ఒక పక్కకు ఒరిగి జారింది. సల్వాసియోన్ కెవ్వుమంది. రూఫో వెనక్కి చూసి, రెండు కాళ్లూ ఎదురు రాతికి తన్ని, మెడ నరాలు ఉబ్బేలా ఒక్కడే పడవను గొట్టాల మీదికి ఈడ్చాడు.

ఆ తర్వాత అతను పాట పాడలేదు. ఏడో వడి, ఎనిమిదో వడి దాటారు. దాటాక చిన్న జలపాతం పక్కన విశ్రాంతికి ఆగే చోటుంది. ఒక ముసలామె కొబ్బరిబోండాలూ ఆకులో కాల్చిన బియ్యప్పిండి రొట్టెలూ అమ్ముతుంది. మొగుడూ పెళ్లాలు అక్కడ కూర్చున్నారు. రూఫో బావను పడవ అవతలికి రమ్మన్నట్టు తలాడించాడు.

"చొక్కా చేయి పైకి లాగు."

"ఏంట్రా?"

"లాగు బావా."

మెల్చోర్ లాగలేదు. రూఫోయే లాగాడు. తెడ్డు కర్రను కట్టుకోవడానికి మణికట్టుకు చుట్టిన గుడ్డను చూశాడు. మెల్చోర్ అరచేతిలో తన వేలు పెట్టి, "నొక్కు" అన్నాడు. మెల్చోర్ నొక్కాడు. రూఫో ముఖంలో మార్పేమీ రాలేదు. ఆ మొహం చూశాకే మెల్చోర్‌కు అర్థమైంది, తన వేళ్లు కదలనేలేదని.

"ఎన్నాళ్లనుంచి?"

"ఉపవాసాలప్పటి నుంచి."

"అక్కకి తెలుసా?"

"తెలీదు."

"ఆర్నెల్లు." రూఫో గొంతు తగ్గించాడు. అరిచినా బాగుండేది. "ఆర్నెల్లు నేను నీకు వీపు పెట్టి కూర్చున్నాను బావా. ఎన్నిసార్లు దిగాం? వెనక మనిషి ఉన్నాడు కదాని కళ్లు మూసుకుని రాళ్లలోకి దూకాను."

"ఇప్పటిదాకా ఏమీ కాలేదు కదరా."

"ఇక్కణ్ణించి వెనక్కి పోదాం. నీళ్లు బాగున్నాయి, నిదానంగా దించేస్తా."

"వద్దు." మెల్చోర్ అతని మోచేయి పట్టుకున్నాడు, ఎడమ చేత్తో. "వెనక్కి పోతే చీటీ అడుగుతారు. చీటీ అడిగితే నా పని అయిపోయింది. ఈ ఒక్కసారికి. ఈ దిగుడు అయ్యాక నేనే వెళ్లి పేరు తీయించుకుంటా. అమ్మ మీద ఒట్టు."

"నీళ్లలో ఒట్లు పెట్టకు."

"నీకు తెడ్డు పట్టడం నేర్పింది నేను. నీ పెళ్లికి నీ తరఫున నిలబడింది నేను. ఎప్పుడైనా నిన్ను ఏదైనా అడిగానా? చూడు, అడుక్కుంటున్నా." యాభయ్యో ఏట, బావమరిది ముందు, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి అడుక్కుంటున్నాడు. తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా చేయి వదల్లేదు.

రూఫో ఎగువకు చూశాడు. ఎగువన ఆకాశం సన్నటి పట్టీలా, బూడిదరంగులో ఉంది. నది దిగివచ్చే కవింతి కొండల వైపు ఇంకా నల్లగా ఉంది.

"పైన జనం దిగగానే తిరిగొచ్చేద్దాం. జలపాతం కిందికి తెప్ప ఎక్కించొద్దు" అన్నాడు చివరికి.

తొమ్మిదో వడిని పడవవాళ్లు అత్తగారు అంటారు. ఎంత మర్యాదగా వెళ్లినా నాలుగు తగిలించకుండా పంపదు. అక్కడ పడవను రూఫో దాదాపు ఒక్కడే ఎక్కించాడు. మిగతా అయిదింటి దగ్గరా అంతే. జలపాతం దగ్గరకు చేరేసరికి అతని మోకాళ్లు రెండూ చీరుకుపోయి రక్తం కారుతోంది.

జలపాతం ముందు మడుగులో వెదురు తెప్ప ఉంటుంది. తాడు పట్టుకుని లాక్కుంటూ జనాన్ని నీటి ధార కిందుగా వెనకున్న గుహలోకి తీసుకెళ్లి తెస్తారు. రూఫో వద్దని చెప్పబోయాడు. కాని అంతసేపూ నోరు విప్పని హెరార్దో, ఆ నీళ్ల వైపు నోరు తెరుచుకుని చూస్తూ, "లోపలికి వెళ్లొచ్చా?" అని పసివాడిలా అడిగాడు.

"ఈయనకి భయం పోయిందర్రా. మళ్లీ వచ్చేలోగా తీసుకెళ్లండి" అంది సల్వాసియోన్. తెప్పవాళ్లు ఎక్కించుకున్నారు.

వాళ్లు ధార వెనక్కి పోయాక మెల్చోర్ మడుగు అంచున రాతి మీద కూర్చున్నాడు. చేయి నీళ్లలో ముంచాడు, చల్లదనం తెలుస్తుందేమోనని. తెలియలేదు. అప్పుడు కాలికి ఏదో తగిలింది. ఎండు కొబ్బరిమట్ట. దాని వెనక ఆకులు, పుల్లలు, వేళ్లతో సహా పెళ్లగించుకొచ్చిన అరటి పిలక. తలెత్తి చూశాడు. జలపాతం తెల్లగా లేదు. అంచున కాఫీ రంగు పాకుతోంది.

అతను లేచి అరిచేలోగానే మడుగు కాపలావాళ్లు ఈలలు ఊదారు. పైన కొండల్లో కుండపోత పడుతోంది. ఆ నీళ్లు వచ్చేస్తున్నాయి. మడుగులో ఉన్న ఆరు పడవలు ఒకదాని వెనక ఒకటి జనాన్ని ఎక్కించుకుని దిగువకు పోయాయి. తెప్ప గుహలోంచి తిరిగొచ్చేసరికి వీళ్ల పడవ ఒక్కటే మిగిలింది. తెప్పవాళ్లూ కాపలావాళ్లూ గోడకు బిగించిన ఇనప నిచ్చెన ఎక్కసాగారు. ఆ నిచ్చెన హెరార్దో వల్ల అయ్యే పని కాదు. రెండు మెట్లు ఎక్కి, మోకాలు పట్టేసి, అక్కడే వేలాడి కిందికి జారాడు. సల్వాసియోన్ ఆయన్ని వదిలి పోనంది.

"పడవే" అన్నాడు మెల్చోర్. నీళ్లు అప్పటికే వాళ్ల పిక్కల దాకా పెరిగాయి.

రూఫో ముందు పీట వైపు నడవబోయాడు. మెల్చోర్ మణికట్టు గుడ్డను పళ్లతో విప్పేసి, తెడ్డు అతనికి అందించాడు.

"వెనక నువ్వు కూర్చో."

"నేను ఇంత నీళ్లలో ఎప్పుడూ వెనక కూర్చోలేదు బావా."

"నాకు తెలుసు. నేను ముందు కూర్చుని చూపిస్తా. ఈ హోరులో మాట వినపడదు, నా ఎడమ చేయి చూడు. పక్కకి చాపితే ఎడమ. నెత్తిమీద పెట్టుకుంటే కుడి. పిడికిలి ఎత్తితే వెనక్కి తెడ్డు వెయ్యి. నీళ్లని చూడకు. నా చేతిని చూడు."

రూఫో తెడ్డు తీసుకున్నాడు. అతని పెదాలు తెల్లబడ్డాయి.

దిగడం మొదలయ్యాక మెల్చోర్‌కు ఇంకేమీ తెలియలేదు. ఆ నదిలో ప్రతి రాయీ అతనికి తెలుసు. కాని రాళ్లన్నీ మునిగిపోయాయి. పైన నీటి ముడతలను చూసి కిందున్న రాయిని పోల్చుకోవాలి. చేయి చాపాడు. నెత్తిన పెట్టాడు. పిడికిలి ఎత్తాడు. వెనక రూఫో ప్రతిసారీ సరిగ్గా తిప్పాడు. పడవ ముక్కు రాతికి కొట్టుకోబోయినప్పుడల్లా మెల్చోర్ కాళ్లతో తన్నాడు. పద్నాలుగు దాటారు. పదమూడు, పన్నెండు. సల్వాసియోన్ పడవ అడుగున పడుకుని మొగుడి కాళ్లు కావలించుకుంది. పదకొండు, పది. రూఫో వెనకనుంచి ఏదో అరిచాడు. అది నవ్వో ఏడుపో తెలియలేదు.

అత్తగారి దగ్గర దారి రెండుగా చీలుతుంది. మెల్చోర్ కుడి అని చేయి నెత్తిన పెట్టాడు. అతను చూపించింది సరైన దారే. కాని ఎగువనుంచి కొట్టుకొచ్చిన కొబ్బరిబోదె ఒకటి ఆ దారికి అడ్డంగా ఇరుక్కుని ఉంది. దాన్ని చూసి పిడికిలి ఎత్తేసరికే పడవ అడ్డం తిరిగింది. నీళ్లు లోపలికి దూకాయి. హెరార్దో దిమ్మలా దొర్లి అంచు దాటాడు.

మెల్చోర్ ఆయన చొక్కా పట్టుకున్నాడు. దగ్గరగా ఉన్నది కుడిచేయి. ఆలోచన లేకుండా అదే పోయింది. నారింజరంగు గుడ్డ అరచేతిలోకి వచ్చింది. అతను కళ్లారా చూశాడు, వేళ్లు ముడుచుకోలేదు. తెరిచిన అరచేతి మీంచి ఆ గుడ్డ మెల్లగా జారిపోతోంది. హెరార్దో కళ్లు అతని మొహంలోకే చూస్తున్నాయి. ఎందుకు వదిలేస్తున్నావని అడుగుతున్నట్టు ఉన్నాయి ఆ కళ్లు.

రూఫో తెడ్డు పారేసి దూకాడు. ఒక చేత్తో హెరార్దో మెడ దగ్గర చొక్కా, రెండో చేత్తో పడవ అంచు దొరకబుచ్చుకున్నాడు. మరుక్షణం నీళ్లు పడవను గోడకేసి కొట్టాయి. అంచు మీదున్న చేయి పడవకూ రాతికీ మధ్య పడింది. ఆ హోరులో కూడా ఎముక విరిగిన చప్పుడు మెల్చోర్‌కు వినిపించింది.

గోడలో అక్కడ మనిషి నడుమెత్తున అరుగులాంటి రాతి గట్టుంది. మెల్చోర్ సల్వాసియోన్‌ను ఎడమ చేత్తో దాని మీదికి విసిరేసినట్టే నెట్టాడు. తర్వాత తను ఎక్కి పడుకుని, రూఫో చొక్కాను పళ్లతోనూ చేత్తోనూ పట్టి లాగాడు. రూఫో విరిగిన చేయి వేలాడుతున్నా రెండో చేత్తో హెరార్దోను వదల్లేదు. ఆయన ఎలా పైకొచ్చాడో ఎవరికీ గుర్తులేదు. పడవ రెండుసార్లు గోడకు కొట్టుకుని, బోర్లాపడి, పోయింది.

నలుగురూ ఆ గట్టు మీద కూర్చున్నారు. చాప వెడల్పు కూడా లేదది. నీళ్లు ఇంకా పెరుగుతున్నాయి.

రూఫో గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. మోచేతికి కింద చేయి వేరే వైపు తిరిగి ఉంది. సల్వాసియోన్ తన తలగుడ్డ విప్పి దాన్ని కట్టబోయింది. కడుతూ మెల్చోర్ వైపు చూసింది.

"నువ్వు మా ఆయన్ని పట్టుకున్నావు. పట్టుకుని వదిలేశావు. నేను చూశాను."

మెల్చోర్ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. తడి గుడ్డ జారిందనవచ్చు. ఆవిడ నమ్మేది.

"నా చేయి పనిచెయ్యదమ్మా. ఆర్నెల్లయింది."

"తెలిసే మమ్మల్ని ఎక్కించుకున్నావా?"

"తెలిసే."

ఆవిడ తిట్టలేదు. ముడి వేయడం పూర్తి చేసి, మొగుడి పక్కకు జరిగి, మెల్చోర్‌కు వీపు పెట్టి కూర్చుంది. జపమాల నీళ్లలో పోయినట్టుంది, వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ ప్రార్థన చేసుకోసాగింది.

కాసేపటికి నీళ్లు గట్టు మీదికి వచ్చాయి. లేచి నిలబడ్డారు. హెరార్దో నిలబడలేకపోయాడు. ఆయన మోకాలు మాటిమాటికీ మడతపడి, ఆయన్నీ ఆవిడనూ కలిపి లాగేస్తోంది. మెల్చోర్ గోడకు వీపు ఆనించి నీళ్లలో కూర్చున్నాడు. కాళ్లు ముందున్న రాతి కొమ్ముకు తన్నిపెట్టి, "నా కాళ్ల మధ్యలో కూర్చోండి" అన్నాడు. హెరార్దో ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఆయన మోచేయి వదిలింది. ఇంకో దారి కూడా లేదు. ఆ మనిషి మెల్చోర్ ఒళ్లో కూర్చున్నాడు, నీళ్లు ఇద్దరి పొట్టల దాకా. మెల్చోర్ ఎడమ చేయి ఆయన ఛాతీ చుట్టూ వేసి, దాని మీద పనికిరాని చేయి కూడా వేశాడు. ఆయన గుండె దడదడ కొట్టుకోవడం ఎడమ చేతికి తెలుస్తోంది.

ఎంతసేపో తెలియదు. తొడలు మొదట మంటలెత్తాయి, తర్వాత వణికాయి, తర్వాత తనవి కానట్టయ్యాయి. కాళ్లు కూడా చేయిలాగే వదిలేస్తాయేమోనని ఒక్కటే భయం. దేవుణ్ణి ఏమీ అడగలేదు, అడిగే మొహం లేదనుకున్నాడు.

"రూఫో" అని పిలిచాడు ఒకసారి.

రూఫో కళ్లు తెరిచాడు. బావను చూశాడు. మళ్లీ మూసుకున్నాడు.

నీళ్లు హెరార్దో చంకల దాకా వచ్చి, అక్కడ ఆగాయి. చాలాసేపు కదలకుండా నిలిచి, తర్వాత వేలెడు దిగాయి. సాయంత్రం వెలుగుండగానే పైనుంచి తాళ్లు వేసుకుని మనుషులు దిగారు. హెరార్దోను నలుగురు కలిసి పైకి లాగారు. మెల్చోర్‌ను లేవమంటే లేవలేకపోయాడు, మడిచిన కాళ్లు మడిచినట్టే ఉండిపోయాయి.

రేవులో ఊరంతా నిలబడి ఉంది. సంఘం పెద్ద ముందుకొచ్చి, వరద రోజున ముగ్గుర్ని బతికించుకొచ్చాడని మెల్చోర్ భుజం మీద చేయి వేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. రూఫోను అప్పటికే బండిలో ఎక్కించారు. బండి తలుపు దగ్గర అదెల్ఫా తమ్ముడి చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది.

"చప్పట్లు కొట్టకండి" అన్నాడు మెల్చోర్. "నా పేరు కొట్టెయ్యండి ముందు. నాకు కుడిచేయి లేదు. ఉపవాసాలప్పటి నుంచీ లేదు. వాడికి ఇవాళే తెలిసింది. వెనక్కి పోదామంటే నేనే వద్దని బతిమాలాను."

చప్పట్లు ఆగిపోయాయి. సంఘం పెద్ద చేయి భుజం మీంచి తీసేశాడు. ఎవరో ఉమ్మేసిన చప్పుడైంది. అదెల్ఫా మెల్చోర్‌ను తేరిపార చూసి, దగ్గరకు వచ్చింది.

"ఆర్నెల్లు నా పక్కన పడుకున్నావు" అంది. అంతే. వెళ్లి బండి ఎక్కింది.

రూఫో చేతిలో రెండు ఎముకలూ విరిగాయి. లోపల రేకు పెట్టి బిగించారు. వచ్చే ఎండాకాలానికి తెడ్డు పట్టవచ్చేమో చూద్దామన్నారు. మెల్చోర్ పేరు జాబితాలోంచి తీసేశారు. పడవ ముక్కలు మూడు రోజుల తర్వాత దిగువన ఎక్కడో వెదురు పొదల్లో దొరికాయని ఎవరో చెప్పారు. అతను చూడడానికి వెళ్లలేదు. అదెల్ఫా తిరిగి ఇంటికి వచ్చింది, వండింది, పెట్టింది. కప్పు అందించేటప్పుడు మాత్రం అతని ఎడమ చేతికే అందించింది, ఏమీ అనకుండా.

రూఫో ఇంటికి నీళ్ల కొళాయి లేదు. వీధి చివరనుంచి మోసుకురావాలి. భార్య తెసింగ్‌కు ఏడో నెల. మెల్చోర్ రోజూ తెల్లవారగానే వెళ్లి, ఎడమ చేత్తో ఒక్కో బకెట్టు చొప్పున ఎనిమిది బకెట్లు తెచ్చి తొట్టి నింపేవాడు. మొదటిరోజు తెసింగ్ తలుపు తీయలేదు. రెండోరోజు తీసి, తొట్టి మూత పక్కకు జరిపి, లోపలికి పోయింది. రూఫో కిటికీ దగ్గర కుర్చీలో, కట్టు కట్టిన చేయి దిండు మీద పెట్టుకుని, బయటికి చూస్తూ కూర్చునేవాడు. మెల్చోర్ వచ్చినా చూపు తిప్పేవాడు కాదు.

అలా మూడు వారాలు దాటింది. ఒకరోజు ఆఖరి బకెట్టు పోశాక మెల్చోర్‌కు ఆయాసమొచ్చి, కిటికీ ముందు ఆగి నిలబడ్డాడు. ఏదైనా అనాలని నోరు తెరిచాడు.

"పక్కకి జరుగు బావా" అన్నాడు రూఫో, వరద రోజు తర్వాత మొదటిసారి, అతని వైపు చూడకుండానే. "వెలుతురుకి అడ్డం ఉన్నావు."

మెల్చోర్ జరిగాడు. ఖాళీ బకెట్టు తీసుకుని, గడప దిగి, వీధిలోకి నడిచాడు.